మెట్లూ, గేట్లూ

మా బావ డాలస్‌లో ఉంటాడు. ఆయన ఫోను వచ్చేది ఎక్కువగా ఆదివారం పొద్దున. అంటే అక్కడ శనివారం రాత్రి, చూడాల్సిన ఆట అయిపోయాక. ఆట అంటే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్, అందులోనూ కాలేజీ ఫుట్‌బాల్. ఆయన చదివింది వేరేచోటే అయినా అభిమానం మాత్రం ఇంటికి దగ్గర్లో ఉన్న సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ జట్టు మీద. అందరూ ఎస్ఎమ్‌యూ అంటారు. "బామ్మర్దీ, మావోళ్లు లీగు మారిన్రు తెలుసా? తొమ్మిదేండ్లు టీవీ పైసలు మాకొద్దని రాసిచ్చి మరీ పెద్ద లీగుల చేరిన్రు" అని మురిసిపోతూ చెప్పి, ఆ ఊపులోనే అడిగాడు: "అవునూ, మన హైదరాబాద్ ఫుట్‌బాల్ టీము ఇప్పుడు ఏ లీగుల ఉన్నది?"

"హైదరాబాద్ టీము ఢిల్లీకి పోయింది బావా" అన్నాను.

ఆయన మ్యాచ్ ఆడడానికి పోయిందనుకున్నాడు. "మల్ల ఎప్పుడొస్తది?" అన్నాడు.

రాదు. 2025 అక్టోబరులో హైదరాబాద్ ఎఫ్‌సీ కాస్తా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయిపోయింది. మూడేళ్ల కిందట దేశంలోనే పెద్ద లీగు గెలిచిన జట్టు అది. మరోవైపు అదే నగరం శివార్లలో, అజీజ్‌నగర్‌లో, ఇంకో జట్టు ఉంది. పేరు శ్రీనిధి డెక్కన్. ఒక విద్యాసంస్థల వాళ్లు పెట్టింది. రెండో అంచె లీగయిన ఐ-లీగులో వరసగా రెండుసార్లు రెండో స్థానంలో నిలిచింది. మా బావ ప్రశ్నకి సరైన జవాబు చెప్పాలంటే ఈ రెండు జట్ల గురించీ కలిపి మాట్లాడాలి. ఓ మోస్తరు జట్టు పై లీగుకి మారాలా? మారితే ఏ దారిన? ఆటల పేజీలో ఈ ప్రశ్న వచ్చిన ప్రతిసారీ జవాబు ముందే తయారుగా ఉంటుంది: పైకి పోవడం మంచిది, ఉన్నచోట ఉండడం చేతకానితనం. ఆ జవాబుతో నాకు పేచీ ఉంది.

*

ముందు మా బావ జట్టు సంగతి చూద్దాం. ఎందుకంటే ఈ ప్రశ్నని అమెరికా వాళ్లు నలిపినంతగా ఇంకెవరూ నలపలేదు. అక్కడ యూనివర్సిటీలు పదీ పదిహేనూ కలిసి ఒక కూటమి కట్టుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఎవరితో ఎవరు ఆడాలో తేల్చేదీ, టీవీ హక్కులు అమ్మి డబ్బు పంచేదీ కూటమే. ఒకప్పుడు ఇవి ఇరుగుపొరుగు కూటములు. బస్సులో పోయి ఆడి, రాత్రికి ఇంటికొచ్చేంత దూరాలు. టీవీ డబ్బు పెరిగేకొద్దీ ఇరుగుపొరుగు అన్న మాటకి అర్థం పోయింది. 2024లో పసిఫిక్ తీరపు పాత కూటమి పాక్-12 దాదాపు ఖాళీ అయింది. స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ వెళ్లి అట్లాంటిక్ తీరం పేరున్న ఏసీసీలో చేరాయి. సముద్రాలే కలిసిపోయాయన్నమాట.

ఎస్ఎమ్‌యూ కూడా ఆ ఏడాదే ఏసీసీకి మారింది. ఆ జట్టుకో గతం ఉంది. ఆటగాళ్లకి చాటుగా డబ్బులిచ్చినందుకు శిక్షగా 1987 సీజన్ మొత్తం రద్దు చేశారు. ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అలాంటి జట్టు, కూటమి టీవీ డబ్బులో తన వాటా తొమ్మిదేళ్లపాటు వదులుకుంటానని ఒప్పుకుని పై కూటమిలో కుర్చీ సంపాదించింది. మొదటి ఏడాదే ఆ కూటమి ఫైనల్ దాకా వెళ్లింది, క్లెమ్సన్ చేతిలో ఓడింది. పన్నెండు జట్ల జాతీయ ప్లేఆఫ్‌లోనూ చోటు దక్కింది. మా బావ మురిపానికి కారణం ఉంది.

కానీ ఇంకో కథ ఉంది. అది మా బావ చెప్పడు. ఐడహో రాష్ట్రంలో మాస్కో అనే చిన్న ఊళ్లో ఐడహో యూనివర్సిటీ జట్టు ఉంది. పెద్ద డివిజన్‌లో చాలా ఏళ్లు అవస్థపడి, 2018లో తనంతట తాను కింది డివిజన్‌కి దిగింది. ఆ స్థాయి నుంచి అలా ఇష్టపూర్వకంగా దిగిన మొదటి జట్టు అదే. పరువు పోయిందన్నవాళ్లున్నారు. పోయింది పరువో, అప్పులాంటి బరువో గానీ పాత ఇరుగుపొరుగు జట్లతో మళ్లీ ఆడడం మొదలైంది. 2022, 2023, 2024 మూడేళ్లూ ఆ స్థాయి ప్లేఆఫ్‌కి వెళ్లింది.

ఒకటి ఎక్కింది, ఒకటి దిగింది. నా లెక్కలో రెండూ సరైన పనే చేశాయి. డాలస్ లాంటి నగరంలో, కలిగిన పూర్వవిద్యార్థులున్న యూనివర్సిటీ తొమ్మిదేళ్ల లోటుని మొయ్యగలదు. చిన్న ఊరి యూనివర్సిటీ మొయ్యలేదు. లీగు ఎత్తుని బట్టి కాకుండా తమ భుజాల బలాన్ని బట్టి నిర్ణయించుకున్నారు రెండుచోట్లా. ఇంకో సంగతి: ఎస్ఎమ్‌యూ లీగు మారినా డాలస్ వదల్లేదు. ఐడహో దిగినా మాస్కో వదల్లేదు. ఈ మాట కాసేపు గుర్తుంచుకోండి, దీంతో పని ఉంది.

*

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. భారత ఫుట్‌బాల్‌లో పైకి పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి మెట్లు, అంటే ఆడి గెలిచి ఎక్కడం. రెండోది గేటు, అంటే రుసుము కట్టి లోపలికి నడవడం.

ఇది ఎట్లా వచ్చిందో కొద్దిగా చెప్పాలి. 2010 డిసెంబరులో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య తన వాణిజ్య హక్కులన్నీ పదిహేనేళ్లకి, 700 కోట్ల రూపాయలకి, ఐఎమ్‌జీ-రిలయన్స్‌కి రాసిచ్చింది. అందులోంచి 2014లో ఎనిమిది జట్లతో ఇండియన్ సూపర్ లీగ్ పుట్టింది. దాంట్లో జట్టు కావాలంటే ఫ్రాంచైజీ రుసుము కట్టాలి. ఎంత ఓడినా కిందికి దిగేది లేదు. అప్పటిదాకా దేశంలో పెద్ద లీగుగా ఉన్న ఐ-లీగు పక్కకి జరిగింది. 2019లో ఆసియా సమాఖ్య కూడా ఒప్పుకున్న పథకం ప్రకారం 2022-23, 2023-24 సీజన్లలో ఐ-లీగు విజేతకి రుసుము లేకుండా పై లీగులోకి దారి ఇస్తారు. ఆ తర్వాత ఎక్కడంతోపాటు దిగడం కూడా మొదలవాలి. ఎక్కడం జరిగింది. దిగడం మాత్రం అనుకున్న వేళకి మొదలవలేదు.

దీని ఫలితం చూడాలంటే 2023-24 సీజన్ ఒక్కటి చాలు. ఆ ఏడాది పై లీగులో హైదరాబాద్ ఎఫ్‌సీ 22 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక్కటి గెలిచింది. ఎనిమిది పాయింట్లతో పన్నెండు జట్లలో పన్నెండోది. జీతాల బకాయిల గొడవలో ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, మిగిలిన కుర్రవాళ్లు పాపం సీజన్ లాక్కొచ్చారు. అదే ఏడాది కింది లీగులో శ్రీనిధి డెక్కన్ 48 పాయింట్లు తెచ్చుకుంది. విజేత మొహమ్మడన్ స్పోర్టింగ్‌కి 52. నాలుగు పాయింట్ల తేడా. సీజన్ అయిపోయాక చూస్తే ఒక్క గెలుపు దొరికిన జట్టు పైనే ఉంది, 48 పాయింట్ల జట్టు కిందే ఉంది. రెండూ ఒకే నగరానివి. మధ్యలో ఔటర్ రింగ్ రోడ్డు మీద పట్టుమని అరగంట ప్రయాణం.

అంతకుముందు ఏడాదీ శ్రీనిధిది రెండో స్థానమే. అప్పుడు ముందున్నది పంజాబ్. దానికి ముందు, ఐ-లీగులో అడుగుపెట్టిన 2021-22లో, మూడో స్థానం. మూడు, రెండు, రెండు. మెట్లు ఎక్కుతున్న జట్టు లెక్క ఇలాగే ఉంటుంది.

ఇక్కడ నేనో నిజం దాచకూడదు. శ్రీనిధి కూడా ఐ-లీగులోకి గేటులోంచే వచ్చింది. 2020లో సమాఖ్య కొత్త జట్లకోసం టెండర్లు పిలిచినప్పుడు ఢిల్లీ నుంచి సుదేవాకీ, విశాఖపట్నం పేరు మీద శ్రీనిధికీ చోటు దొరికింది. అవును, కాగితం మీద అది విశాఖ జట్టు. తర్వాత హైదరాబాద్ వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతీ అంతే. 2019లో పుణె జట్టు మూతపడితే ఆ ఖాళీలో పుట్టింది. కాబట్టి ఒకటి స్వచ్ఛమైన మట్టిబిడ్డ, ఇంకోటి డబ్బుబిడ్డ అని కథ అల్లితే అబద్ధమవుతుంది. రెండూ వలస వచ్చినవే. తేడా వచ్చాక ఏం చేశాయన్నదాంట్లో ఉంది.

*

పై లీగుకి మారిన మిగతా జట్లకి ఏమైందో చూస్తే ఈ విషయం ఇంకా తేటపడుతుంది.

బెంగళూరు ఎఫ్‌సీ 2013లో పుట్టి, మొదటి సీజన్‌లోనే ఐ-లీగు గెలిచింది. 2015-16లో మళ్లీ గెలిచింది. 2016లో ఏఎఫ్‌సీ కప్పు ఫైనల్ దాకా వెళ్లింది. 2017లో బిడ్ వేసి ఐఎస్ఎల్‌లో చేరింది, అంటే గేటు దారే. కానీ వెళ్లేనాటికే దానికి ఆట తీరు ఉంది, కుదురుకున్న ఆటగాళ్లున్నారు, కంఠీరవ స్టేడియంలో గొంతు పోయేలా అరిచే జనం ఉన్నారు. మొదటి ఏడాది ఫైనల్‌లో ఓడి, రెండో ఏడాది కప్పు కొట్టింది.

ఈస్ట్ బెంగాల్ నూరేళ్ల క్లబ్బు. జనబలంలో బెంగళూరు దాని ముందు పసిపిల్ల. 2020లో మోహన్ బగాన్ ఐఎస్ఎల్‌కి వెళ్తుండేసరికి తానూ వెళ్లక తప్పలేదు. పెట్టుబడి పెట్టే కంపెనీ సీజన్ ముంగిట్లో దొరికింది. క్లబ్బుకీ కంపెనీకీ మధ్య ఒప్పందం పేచీ ఆ తర్వాత కూడా నడిచింది. మొదటి ఏడాది పదకొండు జట్లలో తొమ్మిదోది, రెండో ఏడాది ఇరవై మ్యాచ్‌లలో ఒక్క గెలుపుతో చిట్టచివరిది. వేలమంది అభిమానులుండీ ఇదీ పరిస్థితి.

గేటు దారిని ఇంతలా తిడుతున్న నాకు మొహమ్మడన్ స్పోర్టింగ్ ఇరకాటం. అది మెట్లెక్కి వెళ్లింది. శ్రీనిధిని నాలుగు పాయింట్లతో వెనక్కి నెట్టి, హక్కుగా పైకి వెళ్లింది. 2024-25లో పదమూడు జట్లలో పదమూడోదయింది. ఆ ముందు ఏడాది వెళ్లిన పంజాబ్ మధ్యలో నిలదొక్కుకుంది.

కాబట్టి మెట్లెక్కిన జట్టు బతుకుతుంది, గేటు దాటిన జట్టు చస్తుంది అని సూత్రం రాయలేం. ఈ నాలుగింటినీ పక్కపక్కన పెడితే కనిపించేది ఇంకోటి. వెళ్లేముందు కింద పోగేసుకున్నది ఎంత ఉందో దాన్నిబట్టే పైన నడక. మైదానం, పిల్లల జట్లు, కోచ్‌లు, జీతాలు వేళకివ్వగల ఖజానా, జనం. వీటిలో మూడో నాలుగో ముందే ఉన్నవాళ్లకి పై లీగు బలమిచ్చింది. వెళ్లాక సంపాదించుకుందాం అనుకున్నవాళ్ల దగ్గర ఉన్నది కూడా లాక్కుంది.

మా సాఫ్ట్‌వేర్‌లో దీనికి సమానమైన తప్పు ఒకటుంది. కొత్త ప్రాజెక్టు మొత్తాన్ని బయటివాళ్ల సర్వీసు ఒక్కదాని మీద కట్టేస్తాం. మొదటి వారం అంతా బాగుంటుంది. వాళ్లు షరతులు మార్చిన రోజున మన చేతిలో మనది అనేదేమీ మిగలదు. ఐఎస్ఎల్‌కి సరిగ్గా అదే జరిగింది. 2010 నాటి పదిహేనేళ్ల ఒప్పందం 2025 డిసెంబరుతో ముగియాలి. దాన్ని పొడిగించే విషయం తేలలేదు. జూలైలో నిర్వాహకులు సీజన్ ఆపేస్తున్నామన్నారు. మొదలవ్వాల్సిన వేళకి లీగు మొదలవలేదు. ఏ గేటు దాటడానికి అంత ఆరాటపడ్డారో, ఆ గేటు వెనక ఇల్లు ఉందో లేదో తెలియని పరిస్థితి వచ్చింది.

*

హైదరాబాద్ ఎఫ్‌సీకి నేను అభిమానినే. ఆ మాట ముందే చెప్పాల్సింది. పటాన్‌చెరు వైపు ఉండేవాళ్లకి గచ్చిబౌలి స్టేడియం దూరం కాదు. 2022-23 సీజన్‌లో ఆఫీసు అయ్యాక వెళ్లి పసుపు చొక్కాల్లో కలిసిపోయిన సాయంత్రాలున్నాయి. ఆ జట్టు ఆట బాగుండేది. మనోలో మార్కెజ్ కోచ్‌గా కుర్రవాళ్లని నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న గోవాలో ఫైనల్. 88వ నిమిషం దాకా కేరళ బ్లాస్టర్స్‌దే పైచేయి. సాహిల్ తవోరా దూరంనుంచి కొట్టిన గోలుతో సమమైంది. పెనాల్టీల్లో గోలీ కట్టిమని మూడు ఆపాడు. ఇంట్లో నేనొక్కణ్నే మేలుకుని ఉన్నాను, నోరు నొక్కుకుని అరిచాను.

కానీ ఒక్కమాట. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే జరిగింది. హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా ఛాంపియన్ అయింది. అప్పుడది కోవిడ్ విచిత్రం అనిపించింది. ఇప్పుడు వెనక్కి చూస్తే అదే ఆ జట్టు అసలు స్వరూపం అనిపిస్తోంది. నగరం లేకుండా కూడా నడవగలిగిన జట్టు అది. నడవగలిగింది కాబట్టే, 2024లో కొత్త యజమానుల చేతికి వచ్చాక, ఒక సీజన్ గడిచి నడిచి వెళ్లిపోయింది. గచ్చిబౌలి స్టేడియం ఇక్కడే ఉంది. ఐఎస్ఎల్‌లో కుర్చీ మాత్రం ఢిల్లీకి వెళ్లింది. కుర్చీ యజమానులది, నగరానిది కాదు.

హైదరాబాద్‌కి ఇలా జరగడం ఇది మొదటిసారి కాదు. మైదాన్ సినిమా 2024లో వచ్చింది కాబట్టి సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పుడు కొందరికైనా తెలుసు. రహీం బడిపంతులు. సిటీ కాలేజీ పాత, కొత్త విద్యార్థులు కలిసి ఆడిన ఎలెవన్ హంటర్స్ జట్టులో ఆడాడు. తర్వాత ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన భారత జట్టుకీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకీ ఆయనే కోచ్. మెల్‌బోర్న్ వెళ్లినవాళ్లలో ఎనిమిదిమంది హైదరాబాద్ వాళ్లు. సినిమా దృష్టి అంతా జాతీయ జట్టు మీదే. నన్ను ఆపింది మాత్రం ఆ ఎనిమిది అనే అంకె. ఒక నగరం అంతమందిని ఎట్లా ఇచ్చింది? స్థానికంగా నడిచిన లీగులు, స్కూలు టోర్నమెంట్లు ఇచ్చాయి. రహీం డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నిబంధనతో కూడా పోటీలు పెట్టేవాడు, పిల్లలకి పాస్ అలవాటు కావాలని. పెద్ద లీగు కలకత్తాలో ఉంది. పెద్ద బడి హైదరాబాద్‌లో ఉంది.

ఆ తర్వాత ఏమయిందో అందరికీ తెలుసు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌లో పేరు తెచ్చుకున్నాడు. చివరిదాకా బెంగాల్లోనే ఉండి 2023లో చనిపోయాడు. పీటర్ తంగరాజ్ కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ గోలీగా ఆడాడు. ఒక్కొక్కరు వెళ్లడంలో తప్పేమీ లేదు. ప్రతి ఒక్కరికీ అది సరైన నిర్ణయమే. కానీ ఆటగాడు లీగు మారడం వేరు, జట్టు లీగు మారడం వేరు. 1963లో రహీం చనిపోయాక బడి కూడా మెల్లగా సన్నగిల్లింది.

*

ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలిసింది కాదు. జోగిపేటలో ఇంటర్ చదివే రోజుల్లో తెలిసింది.

మా కాలేజీ వాలీబాల్ జట్టు ఊళ్ల మధ్య జరిగే టోర్నమెంట్లలో గట్టిది. సంక్రాంతికీ జాతరలకీ చుట్టుపక్కల ఎక్కడ నెట్ కట్టినా మేం ఉండేవాళ్లం. నేను గొప్ప ఆటగాణ్ని కాదు, వెనక లైన్లో బంతి లేపేవాణ్ని. మా లిఫ్టర్ మాత్రం గొప్పవాడు. వాడు ఎత్తిపెడితే బంతి గాల్లో ఆగినట్టుండేది. రెండేళ్లు అన్నీ గెలిచాక మా పీఈటీ సారు ఒకరోజు అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు: "ఈడనే గెలుసుకుంట ఉందామారా, పటాన్‌చెరు దిక్కు పోదామా? ఆడ కంపెనీలోళ్ల టీములుంటయి. తన్నులు తింటరు మరి."

పోదామన్నాం. పదిహేడేళ్ల వయసులో ఇంకేమంటాం? మొదటి రౌండులోనే వరస సెట్లలో ఓడిపోయాం. వాళ్ల సర్వీసు మాకు కనిపించలేదు కూడా. తిరుగు బస్సులో సారు ఒకటే మాటన్నాడు: "మల్ల రావాలె." మళ్లీ ఏడాది వెళ్లడానికి జట్టు లేదు. ఆ మ్యాచ్ చూసిన ఒక కంపెనీ వాళ్లు మా లిఫ్టర్‌నీ ఒక షూటర్‌నీ పిలిచి పని ఇచ్చారు. కాంట్రాక్టు పని, సాయంత్రాలు ఆట. ఇద్దరి ఇళ్లలోనూ ఆ జీతం చాలా అవసరం. మేమే దావత్ చేసి పంపించాం. మిగిలినవాళ్లం ఎమ్‌సెట్ పుస్తకాల్లో పడ్డాం. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆ మైదానంలో నెట్ స్తంభాలకి బర్రెలు కట్టేసి ఉండేవి.

మా లిఫ్టర్ తప్పు చేశాడని నేననను. ఇప్పుడు వాడికి పటాన్‌చెరులో ఇల్లుంది, పిల్లలు మంచి బడికి వెళ్తున్నారు. పై లీగుకి వెళ్లింది మా జట్టు కాదు, మా జట్టులోని ఇద్దరు. కానీ ఊళ్లో చాలాకాలం "మనోళ్లు పటాన్‌చెరుల ఆడుతున్నరు" అనే గర్వంగా చెప్పుకున్నాం. మన దగ్గర ఆట ఆగిపోయిన సంగతి ఆ గర్వం కింద ఎవరికీ కనపడలేదు.

ఈ మధ్య ఊరెళ్లినప్పుడు చూస్తే స్కూలు పిల్లలు మళ్లీ ఆడుతున్నారు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు జోగిపేట మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. ఎవరూ అడగకుండానే వీళ్ల లీగు మారిపోయింది. ఇప్పుడు జిల్లా సెలక్షన్లలో పటాన్‌చెరు, రామచంద్రాపురం పిల్లలతోనే పోటీ. "ఓడిపోతున్నరా?" అని అడిగాను. "ఓడుతున్నం అన్నా. గని ఇంటికొచ్చి మల్ల ఆడుతున్నం" అన్నాడు ఒకడు. మేం చెయ్యలేనిది వీళ్లు చేస్తున్నారు. ఓడిపోయాక తిరిగి వచ్చి ఆడే చోటు ఉండడం.

*

శ్రీనిధికి ఇది వర్తిస్తుందా? వర్తిస్తుందనే నా వాదన. హైదరాబాద్ ఎఫ్‌సీ వెళ్లిపోయాక ఆ ఖాళీలోకి శ్రీనిధి వెళ్లాలి, అవసరమైతే రుసుము కట్టి వెళ్లాలి అని నా స్నేహితులే అంటున్నారు. కోటి మంది నగరానికి పై లీగులో జట్టు లేకపోవడం ఏమిటి అన్నది వాళ్ల బాధ. ఆ బాధ నాకూ ఉంది. అయినా నా జవాబు వద్దనే. కొనుక్కుని వెళ్లొద్దు.

శ్రీనిధి దగ్గర ఉన్నదీ హైదరాబాద్ ఎఫ్‌సీ దగ్గర లేనిదీ ఒకటే: అజీజ్‌నగర్‌లో సొంత మైదానం. డెక్కన్ అరీనా అని పేరు పెట్టుకున్నారు. చిన్నదే. కానీ అది అద్దెది కాదు, జట్టుతోపాటు ఢిల్లీకి వెళ్లేది కాదు. 2015 నుంచి పిల్లల జట్లతో మొదలై పెద్ద జట్టు దాకా వచ్చిన వరస అది. రుసుముకి పెట్టే కోట్లు ఆ వరసలోంచే తియ్యాలి. ఎస్ఎమ్‌యూ తొమ్మిదేళ్ల టీవీ డబ్బు వదులుకుంది గానీ, వదులుకోవడానికి అక్కడ టీవీ డబ్బంటూ ఒకటుంది. మొదలవ్వాల్సిన వేళకి మొదలవ్వని లీగులో కుర్చీ కొనడం పెట్టుబడి కాదు, జూదం.

నా వాదనకి రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది ఆటగాళ్లది. ఫుట్‌బాల్ ఆటగాడి బతుకు పదేళ్లు, పన్నెండేళ్లు. "ఓపిక పట్టండి, మెట్లెక్కి వెళ్దాం" అని టీవీ ముందు కూర్చుని చెప్పడం నాకు తేలిక. ఇరవై ఏడేళ్ల మిడ్‌ఫీల్డర్‌కి ఆ రెండేళ్లు మళ్లీ రావు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వాడు పై లీగుకి వెళ్తే మా లిఫ్టర్‌కి చేసినట్టే దావత్ చేసి పంపాలి. కాకపోతే వాడి చోటులోకి కింది నుంచి ఇంకొకడు వచ్చే ఏర్పాటు ఉండాలి. మాకు లేనిది అదే. అజీజ్‌నగర్‌లో అది ఉండే వీలుంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. మెట్లెక్కాలంటే మెట్లు ఉండాలి కదా? 2023-24 దాకా ఇచ్చిన దారి విజేతకే. రెండోస్థానానికి దారి లేదు. పైనుంచి ఎవరూ దిగకపోతే పైన ఖాళీ ఎక్కడిది? నిజమే. అందుకే నేను శ్రీనిధిని ఉన్నచోట ఉండమంటున్నానంటే ఊరుకోమని కాదు. పైన చివర వచ్చినవాడు దిగాలి, కింద మొదట వచ్చినవాడు ఎక్కాలి అన్న నియమం కోసం రెండో లీగు జట్లన్నీ కలిసి గట్టిగా అడగాలి. దిగే మెట్టు ఉంటే హైదరాబాద్ ఎఫ్‌సీ కథ కూడా మారేదనిపిస్తుంది. 2024లో కిందికి దిగి, ఐడహోలా ఊపిరి పీల్చుకుని, ఇక్కడే ఉండేదేమో. పైన ఉండిపోయింది కాబట్టే దాని కుర్చీకి వెల ఉంది. వెల ఉంది కాబట్టే కొన్నవాళ్లు దాన్ని ఎక్కడికైనా మోసుకుపోగలిగారు. దిగడాన్ని మనం శిక్ష అనుకుంటాం. జట్టుని ఊళ్లో ఉంచే మేకు కూడా అదే.

పై లీగుకి ఆడి గెలిచి వెళ్లే రోజు వస్తే వెళ్లాలి. మొదటి రౌండులోనే తన్నులు తిన్నా సరే వెళ్లాలి. మా సారు చెప్పిన "మల్ల రావాలె" అన్న మాటకి అర్థం ఉండాలంటే మాత్రం తిరిగొచ్చే చోటు ఇక్కడ చెక్కుచెదరకుండా ఉండాలి.

పోయిన ఆదివారం బావ మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి వాళ్ల జట్టు ఊసు ఎత్తకుండా, "ఇంతకీ మనకు ఫుట్‌బాల్ టీము లేనట్టేనా ఇగ?" అన్నాడు. ఉంది బావా, రెండో లీగులో ఉంది, అజీజ్‌నగర్‌లో ఆడుతుంది అన్నాను. "రెండో లీగా?" అన్నాడు, మాట తగ్గించి. ఈసారి సెలవులకి వచ్చినప్పుడు తీసుకుపోతానని చెప్పాను. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే దారిలోనే పడుతుంది.